నౌ నంబర్, చార్ బజే

శ్రావణంలో ముసురు పట్టి నాలుగైదు రోజులు విడవకుండా కురిసి, ఓ పొద్దున చటుక్కున ఎండ కాస్తుంది. మా ఇంట్లో ఆ రోజు దుర్భిణుల సందూగ తెరిచే రోజు. ఆకుపచ్చ రంగు వేసిన రేకు సందూగ అది. బాపు మిల్లులో పనిచేసే కాలంలో బోనస్ డబ్బులతో కొన్నాడు. మూత లేపగానే ముందు తోలు వాసన వస్తుంది. దాని వెనక ఇత్తడి చిలుము. అన్నిటికంటే అడుగున, ముక్కు దగ్గర పెట్టి వెతికితే తప్ప దొరకనంత పలుచగా, రంగూన్ ఆయిల్ వాసన. తుపాకీ గొట్టం తుడిచే నూనె అది. నలభై ఏళ్ల కింద నా చేతులకంటిన నూనె ఆ తోలు తొడుగుకు కూడా అంటుకుంది, ఇప్పటికీ పోలేదు.

ప్రతి ఏడూ వచ్చే వాసనే. ఈసారి మాత్రం మూత పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది. అంతకు వారం ముందే, నాకు తుపాకీ గురి నేర్పిన ఉస్తాద్ పోయారని కబురొచ్చింది. నేను ఊళ్లో లేను, కడసారి చూపుకు అందలేదు. ఎల్లుండి దినాలు. వెళ్లే ముందు ఆయన మొదట నాకు చూపించినదానిలాంటి ఇత్తడి దుర్భిణిని ఒకసారి తుడిచి పెడదామని సందూగ తెరిచాను. తుడుస్తూ కూర్చుంటే పొద్దు గూకింది.

*

హన్మకొండలో ఇంటర్ చదివేటప్పుడు ఎన్‌సీసీలో చేరాను. నిజం చెప్పాలంటే మొదట చేరింది పరేడ్ తర్వాత ఇచ్చే పూరీల కోసమే. ఆదివారం పొద్దున్నే నాలుగింటికి లేచి, బూట్లకు పాలిష్ పెట్టి, బెల్టు ఇత్తడి బకిల్‌కు బ్రాసో రుద్దుతుంటే, ఇంకా చీకటి ఉండగానే ఆజంజాహి మిల్లు సైరన్ మోగేది. వరంగల్ నగరమంతా ఆ కూతతోనే లేచేది. వాకిట్లో బాపు చల్లన్నం గిన్నె సైకిలుకు తగిలించుకుని మిల్లుకు బయల్దేరేవాడు, నేను బూట్లు టకటకలాడించుకుంటూ పరేడ్‌కు. మూల మీద ఇద్దరం విడిపోయేవాళ్లం. ఒక్క మాటా ఉండేది కాదు, బాపు సైకిల్ బెల్లు ఒకసారి కొట్టేవాడు, అంతే.

మా బెటాలియన్‌లో పీఐ స్టాఫ్‌ను, అంటే మాకు నేర్పడానికి ఫౌజు నుంచి వచ్చినవాళ్లందర్నీ ఉస్తాద్ అనే పిలవాలి. కానీ మాకు ఉస్తాద్ అంటే ఒక్కరే. ఎల్కతుర్తి అవతల పల్లెటూరాయన. ఫౌజులో చాలా ఏళ్లు తిరిగి, చివరికి సొంత ఊరికి దగ్గర్లో డ్యూటీ పడ్డ హవల్దారు. హుకుములన్నీ హిందీలో ఇచ్చి, తిట్లన్నీ మన భాషలో తిట్టేవారు. ఆ తిట్లలో కూడా బిడ్డా అనే మాట ఎక్కడో ఒకచోట ఉండేది.

ఏడాదికోసారి ఫైరింగ్ ఉండేది. లారీ వెనక డాలాలో ముప్ఫై మందిమి నిలబడి ఊరి బయట గుట్ట దగ్గరికి వెళ్లేవాళ్లం. గుట్టకు ఆనించి మట్టి కట్ట, దాన్నే బట్ అంటారు. ఇరవైఐదు గజాల దూరంలో టార్పాలిన్ పరిచి, దాని మీద బోర్లా పడుకోబెట్టి, పాయింట్ టూటూ రైఫిల్ చేతికిచ్చి, ఐదు తూటాలు పళ్లెంలో లెక్కపెట్టి పెట్టేవారు. ఖోకాలు, అంటే పేలిన తూటాల ఖాళీ గుల్లలు కూడా లెక్కపెట్టి వాపసు ఇయ్యాలి. ఒక్కటి తక్కువైనా సాయంత్రం దాకా అందరం గడ్డిలో వెతకాల్సిందే.

నా వంతు వచ్చింది. గుండె టార్పాలిన్‌ను కొడుతున్నది. పక్కనే ఉస్తాద్ పడుకుని ఉన్నారు, ఆయన ముందు ఇసుక సంచి మీద ఒక గొట్టం. మూడు మడతలు లాగిన ఇత్తడి దుర్భిణి, నడుముకు తోలు కుట్టి ఉంది. ఇరవైఐదు గజాలకు దుర్భిణి అంత అవసరమేమీ లేదు. కానీ ఆయన అది లేకుండా ఎప్పుడూ పడుకునేవారు కాదు. నేను పేల్చాను. చెవిలో గుయ్ మన్నది. కళ్లు తెరిచేలోపే ఆయన గొంతు:

"నౌ నంబర్, చార్ బజే. ట్రిగర్ గుంజినవ్ బిడ్డా. ఒత్తమన్న, గుంజమనలె. ఇంకోటి, పేలకముందే కండ్లు మూసినవ్."

కార్డు మీద చిల్లు ఎక్కడ పడిందో చెప్పడం సరే. గడియారం ముల్లు లెక్కన నాలుగు గంటల దిక్కు, తొమ్మిదో రింగు. కానీ నేను కళ్లు మూసింది ఆ చిల్లులో ఆయనకు ఎట్లా కనిపించింది? రెండో తూటాకు కళ్లు తెరిచే ఉంచాను. "ఆ, గట్ల" అన్నారు. ఆ రెండు మాటల కోసమే తర్వాత నలభై ఏళ్లు నేను ఈ ఆటను పట్టుకుని ఉన్నానేమో.

ఫైరింగ్ అయిపోయాక చిందీ గుడ్డ ముక్కను పుల్‌త్రూ తాడుకు తగిలించి, రంగూన్ ఆయిల్‌లో ముంచి గొట్టంలోంచి లాగడం మా పని. నూనె చేతులతోనే నేను ఆ దుర్భిణి అందుకున్నాను. ఉస్తాద్ ఏమీ అనలేదు. కంటికి ఎట్లా ఆనించాలో చూపించారు. మొదట ఏమీ లేదు, బూడిద రంగు మసక. చివరి గొట్టాన్ని వేలితో కొద్దిగా ముందుకు తోశారు. మసకలోంచి కట్ట మీది గడ్డి పోచ ఒకటి తేలింది, దాని మీద చీమ.

*

తర్వాత చదువయింది, బ్యాంకులో కొలువు దొరికింది. జగిత్యాల, మంథని, మహబూబాబాద్, మళ్లీ వరంగల్. జీతం వచ్చాక జిల్లా రైఫిల్ క్లబ్బులో చేరాను. అక్కడ దూరం 50 మీటర్లు. చూడనివాళ్లకు ఈ సంగతి చెప్పాలి: ఆ పోటీల్లో రైఫిల్ మీద దుర్భిణి ఉండకూడదు. సన్నని రంధ్రంలోంచి గురి చూసే ఇనుప సైట్లే. 50 మీటర్ల కార్డులో పదో రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. తూటా మందం 5.6 మిల్లీమీటర్లు. రింగుకూ రింగుకూ మధ్య 8 మిల్లీమీటర్లు. మామూలు కంటికి దూరంలో ఒక నల్ల బిళ్ళ మాత్రమే కనిపిస్తుంది. దానిలో చిల్లు ఎక్కడ పడిందో కనిపించదు. అది చూడ్డానికే పక్కన స్పాటింగ్ స్కోపు పెట్టుకుంటాం. 20 రెట్లు పెంచి చూపిస్తే 50 మీటర్ల కార్డును రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి చూసినట్టు ఉంటుంది.

తెల్లటి చోట పడ్డ చిల్లు నల్లగా సులువుగా కనిపిస్తుంది. నల్ల బిళ్ళలో పడ్డదే చిక్కు, నలుపులో నలుపు. అందుకని మా క్లబ్బులో కార్డు వెనక కొంత ఖాళీ వదిలి, వెలుతురు చిల్లులోంచి ఇవతలికి వచ్చేలా చట్రం కట్టుకునేవాళ్లం. పొద్దుటి ఎండ కట్ట మీద పడుతుంటే దుర్భిణిలో ఒక్కో చిల్లూ చుక్క పొడిచినట్టు పొడిచేది. నాకైతే ఆ దృశ్యం ముందు ఏ పతకమూ నిలవలేదు.

కుడి భుజానికి రైఫిల్ ఆనించినవాడు స్కోపును ఎడమ వైపు పెట్టుకోవాలి, ఎడమ కంటితో చూడాలి. ఒక్కసారి పడుకున్నాక మోచేతులు కదలొద్దు, చెంప రైఫిల్ మీంచి లేవొద్దు. తల అరంగుళం తిప్పితే కన్ను స్కోపు మీద పడాలి. దానికి సరిపోయే స్టాండు బజార్లో దొరికేది కాదు. స్టేషన్ రోడ్డులో ఒక లేత్ షాపాయన దగ్గరికి పోయి, పాత సైకిల్ సీటు క్లాంపు, నీళ్ల పైపు ముక్క, మూడు ఇనుప కాళ్లు పెట్టి చేయించాను. సీటును పైకీ కిందికీ జరిపినట్టే దుర్భిణిని జరపొచ్చు. దాని కోసం ఆయన నాలుగుసార్లు తిరిగి చేశాడు. చివరిసారి పైసలు తీసుకోలేదు. ఒక్కసారి అందులోంచి చూపించమన్నాడు. రోడ్డవతల హోటల్ బోర్డు మీది అక్షరాలు చూసి, తన లేత్ మీదికి తిప్పి చూడబోయాడు. అంత దగ్గర కనపడదంటే చాలా నిరాశపడ్డాడు.

*

ఇత్తడిది దొరికింది హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో. హెడ్డాఫీసు పని మీద పోయి, గురువారం కావడంతో అటు వెళ్లాను. పాత తాళాలు, ఫ్యాన్ రెక్కలు, గ్రామఫోన్ బాకాల మధ్య గోనె మీద పడి ఉంది. తోలు చిరిగింది, పెద్ద గొట్టానికి బొటనవేలు పట్టేంత సొట్ట. తుడిచి చూస్తే గొట్టం మీద చెక్కిన అక్షరాలు: టెల్. స్కౌట్ రెజిమెంట్, మార్క్ టూ. కింద బ్రిటిష్ సర్కారు బాణం గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వేగులవాళ్లకు ఇచ్చిన రకం. మా ఉస్తాద్ ఇసుక సంచి మీద ఉండేది అచ్చం ఇదే. బేరం ఆడటానికి నోరు రాలేదు. అడిగినంతా ఇచ్చేశాను.

తువ్వాలలో చుట్టి రాత్రి బస్సెక్కాను. అప్పటి మా దిక్కు రోజులు ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కావు. నక్సలైట్ల కోసం చీకటి పడితే రోడ్డు మీద తనిఖీలు. బస్సాపి అందర్నీ దింపి, సంచులు కింద పెట్టించి నిలబెట్టేవారు. నా తువ్వాల విప్పగానే చుట్టూ మాటలు ఆగిపోయాయి. పొడుగాటి ఇత్తడి గొట్టం. టార్చి నా ముఖం మీద పడింది. "ఇదేంది?" నా గొంతు పెగల్లేదు. బ్యాంకు కార్డు తీసి చూపించాను. "దూర్బీన్ సారూ, పాతది, షూటింగ్ పోటీలల్ల సూస్తం" అన్నాను. షూటింగ్ అనే మాట ఆ సమయంలో అనాల్సింది కాదు.

ఎవరికీ ఏమీ తోచని ఆ నిమిషంలో నేనే మూడు మడతలూ లాగి, బస్సు కిటికీ కమ్మీకి ఆనించి, చందమామ మీదికి తిప్పి, "సూడుండ్రి సారూ" అన్నాను. ఆ కానిస్టేబుల్ నా ఈడువాడే. రైఫిల్ పక్కవాడికిచ్చి కన్ను పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. "అమ్మో, మొత్తం గుంతలే" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకొకరు చూశారు, ఇంకొకరు. బస్సులో ముసలమ్మ ఒకామె కూడా వచ్చి చూసి దండం పెట్టింది. డ్రైవర్ హారన్ కొట్టేదాకా చందమామ దగ్గర వరుస కట్టే ఉంది. తువ్వాలలో దాన్ని మళ్లీ చుట్టింది ఆ కానిస్టేబులే, పసిపిల్లను చుట్టినంత జాగ్రత్తగా.

సొట్ట తీయించింది పెంబర్తిలో. జనగామ దగ్గర ఆ ఊళ్లో ఇత్తడి రేకును ఎట్లా అంటే అట్లా వంచే పనివాళ్లున్నారు. గుడి తలుపుల తొడుగులు చేసే ఒక పెద్దాయన గొట్టం లోపలికి చింత కర్ర తొలిచి దూర్చి, పైనుంచి చెక్క సుత్తితో చిన్నగా, చిన్నగా కొడుతూ సాయంత్రానికి సొట్టను లేపేశారు. అద్దాలను నేను ముందే ఊడదీసి జేబురుమాల్లో కట్టుకుని కూర్చున్నాను. కొట్టినంతసేపూ ఆయన దాని కథ అడుగుతూనే ఉన్నారు. ఎవరి చేతుల్లో ఉండేదో, ఏ యుద్ధం చూసిందో నేనేం చెప్పగలను. "ఎవడో మంచిగనే పట్టుకున్నడు, జారగొట్టినోడు తర్వాతోడు" అన్నారాయన, గొట్టం మీద వేళ్ల అరుగుదల చూపించి.

*

ఒకటి ఉంటే చాలదా, ఇన్నెందుకు అని మా ఇంటావిడ మొదటి పదేళ్లు అడిగింది. దానికి జవాబు ఆ రోజుల్లోనే ఉంది. ఎన్నికలొచ్చినా, ఊళ్లో పరిస్థితి బాగాలేకపోయినా లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యాలి. నా రైఫిల్ ఇంట్లో ఉన్న నెలలకన్నా అక్కడున్న నెలలే ఎక్కువైన సంవత్సరాలున్నాయి. దుర్భిణికి లైసెన్సు అక్కర్లేదు. రైఫిల్ లేని ఆదివారాల్లో నేను దుర్భిణి ఒక్కటే పట్టుకుని గోవిందరాజుల గుట్ట ఎక్కేవాణ్ణి. ఆట దూరమైన కొద్దీ దుర్భిణులు పెరిగాయి.

సోవియట్ రష్యావాళ్ల టూరిస్ట్-3 మాస్కోలో చదివొచ్చిన ఒక లెక్చరర్ దగ్గర కొన్నాను. 20 రెట్లు, 50 మిల్లీమీటర్ల అద్దం. లాగితే పొడుగయ్యే రకమే. అందులో లోకమంతా కొంచెం పసుపుపచ్చగా, సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టు కనిపిస్తుంది. మా మేనల్లుడు అమెరికా పోయిన కొత్తలో ఏం తేవాలి మామయ్యా అంటే బుష్నెల్ స్పేస్‌మాస్టర్ అన్నాను. 60 మిల్లీమీటర్ల అద్దం, కంటి దగ్గరి ముక్క విప్పి వేరేది బిగించుకోవచ్చు. రెండేళ్లకు వాడే గుర్తుపెట్టుకుని ఇంకోటి తెచ్చాడు, అచ్చం అదే. ఒకటే రకంవి రెండు ఎందుకని ఇంట్లో గొడవ. ఒకదానికి 20, ఇంకోదానికి 25 బిగించి, వేటికవే అన్నాను. సికింద్రాబాద్‌లో ఆట మానేసిన ఒక పెద్ద షూటర్ దగ్గర కోవా టీఎస్ఎన్-1 కొన్నప్పుడు మాత్రం ఆమె ఏమీ అనలేదు. ఆయన దాన్ని ఇస్తూ కళ్లు తుడుచుకోవడం తను చూసింది. 77 మిల్లీమీటర్ల అద్దం, చూసే ముక్క 45 డిగ్రీలు పైకి వంగి ఉంటుంది. బోర్లా పడుకున్నవాడికి మెడ నొప్పి లేని ఏర్పాటు. అన్నీ కలిపి తొమ్మిదయ్యాయి. మిగతా నాలుగు చిన్నవి, వాటి సంగతి ఇక్కడ వద్దు.

వానాకాలంలో అద్దాల మీద బూజు పడుతుంది. సాలీడు దారంలా మొదలై, వదిలేస్తే అద్దం పూతను తినేస్తుంది, ఇక పోదు. దానికి మందు సిలికా జెల్. తడి తగిలితే నీలం గుళికలు గులాబీ రంగుకు తిరుగుతాయి. వాటిని మళ్లీ పెనం మీద సన్న సెగన వేడిచేస్తే నీలం అవుతాయి. ఆ పని పదేళ్ల తర్వాత ఇంటావిడ తనే తీసుకుంది. అప్పడాల పెనం పక్కన దుర్భిణుల పెనం వేరే ఉంచింది. మందుల సీసాల్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా తెచ్చి ఇచ్చేవారు.

*

కొత్తగా వచ్చే పిల్లలు ఎన్ని రెట్లు, ఎన్ని రెట్లు అని అడుగుతారు. 60 రెట్లది చూపిస్తే ఆశగా చూస్తారు. మా దిక్కు ఎండలు తెలిసినవాడు అది అడగడు. 60 మిల్లీమీటర్ల అద్దానికి 20 రెట్లు బిగిస్తే కంట్లోకి 3 మిల్లీమీటర్ల వెలుతురు చుక్క వస్తుంది, అదే 60 రెట్లకు 1 మిల్లీమీటరే. చీకటి. పైగా ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటితే నేల మీంచి సెగ లేచి కార్డు నీళ్లలో పడ్డ కాగితంలా ఆడుతుంది. ఎన్ని రెట్లు పెంచితే ఆ నీళ్లు కూడా అన్ని రెట్లు పెరుగుతాయి. 20, 25 చాలు. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

కానీ ఆ సెగనే చదవడం నేర్పింది ఉస్తాద్. అప్పటికి ఆయన రిటైరై పత్తి చేను చేసుకుంటున్నారు. నేను బతిమాలితే క్లబ్బుకు వచ్చి నా పక్కన పడుకున్నారు, అరవై దాటాక, ధోతి మీద. కార్డు మీద ఫోకస్ సరిగ్గా కూర్చున్నాక చక్రాన్ని వెంట్రుకవాసి వెనక్కి తిప్పమన్నారు. కార్డు కాస్త మసకబారింది. దాని ముందున్న గాలి కనిపించడం మొదలైంది. అప్పటిదాకా గాలిని చూడొచ్చని నాకు తెలియదు. ఎడమ నుంచి గాలి వీస్తే సెగ పిల్లకాలువలా కుడికి పారుతుంది. గాలి పెరిగితే ఆ పారుదల నేలకు అణిగి పరుగెడుతుంది. నిటారుగా పైకి, ఎసరు మరిగినట్టు లేచిందంటే గాలి ఆగింది, లేదా దిక్కు మార్చబోతున్నది.

"ఎసరు మరుగుతుంటే పేల్చకు. పారనీ. పారేటప్పుడు పేల్చు" అన్నారు.

నాకు తోచేది ఎసరు మరిగేటప్పుడే కదా గాలి లేనిది, అప్పుడే పేల్చాలని. ఆ మాట మీద మూడు ఆదివారాలు నేను తప్పుతూ, ఆయన "తీన్ బజే, ఆఠ్" అని చెబుతూ. గాలి లేదని పేల్చిన తూటా బయల్దేరేలోపే గాలి అటు మళ్లేది. నాలుగో ఆదివారం సెగ ఒక తీరుగా పారుతున్నప్పుడు సైటును దానికి తగ్గట్టు తిప్పి పేల్చాను. పక్కన మాట రాలేదు. మళ్లీ పేల్చాను. మాట లేదు. ఐదూ అయ్యాక తల తిప్పి చూస్తే ఆయన దుర్భిణిలోంచి కన్ను తియ్యకుండానే నవ్వుతున్నారు.

ఆ రోజు నేను వాడిన స్కోపు 20 రెట్ల స్పేస్‌మాస్టర్. లేత్ షాపు స్టాండుతో సహా ఆయన చేతుల్లో పెట్టాను. వద్దన్నారు. నాకు ఇంకోటుంది అన్నాను. నిజంగానే ఉంది కదా.

*

మిల్లు మూతపడ్డాక బాపు ఎక్కువ మాట్లాడలేదు. మగ్గాల చప్పుడుకు చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఒక ఆదివారం నాతో గుట్ట ఎక్కుతానన్నాడు. పైన టూరిస్ట్-3 ఆయన చేతికిచ్చి మిల్లు వైపు తిప్పాను. రేకుల కప్పులు, మూసిన గేటు, లోపల మొలిచిన తుమ్మలు. ఆయన చాలాసేపు చూశాడు. దించి, "సైరన్ కొడితె గీడికి ఇనపడేదా?" అని అడిగాడు. వినపడేది బాపూ అన్నాను. మళ్లీ కంటికి పెట్టుకున్నాడు.

అందుకే ఆ దుర్భిణిలోని పసుపు రంగు అద్దం లోపమని ఎవరైనా అంటే ఒప్పుకోబుద్ధి కాదు. మొన్నీమధ్య ఎడమ కంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన మర్నాడు అన్నింటినీ వరుసగా పెట్టి చూశాను. కోవాలో ఆకాశం ఇంత నీలమని నాకు ఇన్నేళ్లూ తెలియనే లేదు. ఆ పసుపు నా కంటిదే. టూరిస్ట్-3 మాత్రం అప్పుడూ పసుపే, ఇప్పుడూ పసుపే. అదొక్కటీ మారనందుకు సంతోషించాను.

*

గచ్చిబౌలి రేంజ్‌కు మొదటిసారి పోయినప్పుడు కోవాను భుజాన వేసుకునే వెళ్లాను. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ బంగారు పతకం గెలిచిన తర్వాతి మాట. ఆయనే తర్వాత 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చాడు. అక్కడ ఎలక్ట్రానిక్ టార్గెట్లు. తూటా దూసుకుపోయే చప్పుడును మైకులు పట్టి, ఎక్కడ పడిందో లెక్కగట్టి, పేల్చినవాడి పక్కనున్న తెర మీద రెప్పపాటులో చూపిస్తాయి. దశాంశాలతో సహా. కార్డు మార్చడానికి నడవక్కర్లేదు. మూలకు పెట్టిన నా కోవాను ఎవరూ చూడలేదు. అది మంచి ఏర్పాటే. ఒక్క చిల్లు గీత మీద పడిందా లోపల పడిందా అని గంటసేపు కొట్లాడుకున్న రోజులు నాకు తెలుసు. అయినా తిరుగు బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకునే కూర్చున్నాను.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో, అంటే మోకాలి మీద, పడుకుని, నిలబడి పేల్చే పోటీలో కంచు గెలిచాడు. ఆ పోటీలో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం. అప్పటికి రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే పిల్లవాడు. మా కాజీపేట ప్లాట్‌ఫారం మీద కనిపించే నల్లకోటు ఉద్యోగమే. 50 మీటర్ల రైఫిల్! టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను. అయిపోగానే ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయనకు వినికిడి తగ్గింది, అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా విని ఒకటే అడిగారు.

"పక్కన ఎవలు పండుకున్నరు?"

ఎవరూ లేరు ఉస్తాద్, మిషన్ చెప్తది అన్నాను. "మిషన్ కండ్లు మూసినవని చెప్తదా?" అన్నారు. తర్వాత చాలాసేపు పత్తి ధర గురించి మాట్లాడుకున్నాం.

*

దినాలకు వెళ్లాను. భోజనాలయ్యాక మనవరాలు నన్ను లోపలి అర్రలోకి తీసుకుపోయింది. కిటికీ దగ్గర నులక మంచం. కిటికీ గట్టు మీద, సైకిల్ సీటు క్లాంపు స్టాండులో, స్పేస్‌మాస్టర్. అద్దానికి పాత చిందీ ముక్క టోపీలా కట్టి ఉంది. ఆకుపచ్చ రంగు చాలాచోట్ల రాలి, పట్టుకునే చోట లోహం మెరుస్తున్నది.

"మందులేస్కున్నా లేకున్నా దీన్ని మాత్రం రోజు తుడ్సెటోడు" అంది ఆ అమ్మాయి.

మంచం మీద కూర్చుని, చిందీ విప్పి ఎడమ కన్ను పెట్టాను. లోపల బూజు లేదు. ఒక్క దారం కూడా లేదు. ఫోకస్ కదపకుండానే బొమ్మ స్పష్టంగా ఉంది. పత్తి చేలకు అవతల, మూడు నాలుగు వందల గజాల దూరంలో, తారు రోడ్డు. రోడ్డు పక్క వేపచెట్టు, సిమెంటు బల్ల, చిరిగిన పోస్టరు. ఎర్ర బస్సొకటి వచ్చి ఆగింది. ఒక ముసలాయన దిగాడు, సంచి దింపుకున్నాడు, పైగుడ్డ సర్దుకున్నాడు. మొహం కూడా పోల్చుకోవచ్చు.

"తాత గీడ కూసోని బస్సు దిగేటోళ్లను సూసేటోడు. ఎవలొచ్చినా ఇంట్లకు రాకముందే మాకు చెప్పెటోడు, పలానోళ్లు వస్తున్నరు, చాయ పెట్టుండ్రి అని."

నేను ఆ బస్సు దిగి రెండేళ్లు దాటింది. వరంగల్ నుంచి గంట ప్రయాణం.

దాన్ని నన్నే తీసుకుపొమ్మన్నారు వాళ్లు. కాదనలేకపోయాను. ఇప్పుడది సందూగలో తొమ్మిదోది. మిగతా ఎనిమిదింటినీ ఆ రోజు ఎండలో తుడిచి, ఫోకస్ చక్రాలు అటూ ఇటూ తిప్పి, బిగుసుకోకుండా చూసి పెట్టాను. ఇంటావిడ వేడిచేసిన నీలం గుళికల పొట్లాలు దీని పక్కన రెండు ఎక్కువ పెట్టింది. దీని చక్రం మీద మాత్రం నేను ఇంకా చెయ్యి వెయ్యలేదు.